పట్టుకున్నా వదలని క్లచ్

కూడలిలో ఎర్ర లైటు పడింది. బైకు మీదున్న మనిషి క్లచ్ లివరు గట్టిగా పట్టుకుని ఎడమ కాలితో న్యూట్రల్ కోసం వెతుకుతున్నాడు. పైకి ఎత్తితే సెకండ్ పడుతోంది, కిందికి నొక్కితే మళ్లీ ఫస్టు. మధ్యలో వెలగాల్సిన ఆకుపచ్చ దీపం మాత్రం వెలగడం లేదు. లివరు పూర్తిగా లోపలికే ఉంది, అయినా బండి అంగుళం అంగుళం ముందుకు జరుగుతోంది. ముందున్న ఆటోకు తగలకుండా బ్రేకు పట్టాల్సి వచ్చింది. దాంతో ఇంజను గొంతు కుంగి, రెండుసార్లు వణికి ఆగిపోయింది. ఆగిన మరుక్షణం కాలు అలా తాకించగానే న్యూట్రల్ వెన్నలో చాకు దిగినట్టు పడింది.

రోగ నిర్ణయం అక్కడే సగం అయిపోయింది. ఇంజను తిరుగుతున్నంతసేపూ మొండికేసిన న్యూట్రల్, ఇంజను ఆగగానే పడిందంటే ముందు అనుమానించాల్సింది గేరుబాక్సును కాదు, క్లచ్‌ను.

క్లచ్‌కు ఉన్నవి రెండే పనులు. మనం లివరు వదిలితే అది పట్టుకోవాలి. మనం పట్టుకుంటే అది వదలాలి. మొదటి పని తప్పితే దాన్ని స్లిప్పు అంటారు. ఇంజను అరుస్తుంది, బండి మాత్రం అందుకోదు, ఎత్తు ఎక్కేటప్పుడు కమురు వాసన వస్తుంది. పాత బండి కొనడానికి వెళ్లిన ప్రతివారూ దీన్ని చూస్తారు, కనీసం తోడు తెచ్చుకున్న మెకానిక్కు చూస్తాడు. రెండో పని తప్పడం అలా బయటపడదు. షెడ్డులో దాన్ని ‘క్లచ్ ఫ్రీ కావట్లేదు’, ‘ప్లేట్లు విడట్లేదు’ అంటారు. గేరు టైటుగా పడటం, ఫస్టు వేయగానే ఠక్కుమని బండి ఉలిక్కిపడటం, న్యూట్రల్ దొరక్కపోవడం, ఇవన్నీ చూడ్డానికి గేరుబాక్సు జబ్బుల్లాగే ఉంటాయి. అందుకే ఈ జబ్బున్న బండిని కొందరు ‘గేరుబాక్సు పోయింది’ అని భయపడి వదులుకుంటారు. ఇంకొందరు ‘పాత బండికి గేర్లు అంతే’ అని సర్దుకుని కొనేస్తారు. కాసేపు పరీక్ష చేసి ఉంటే ఇద్దరికీ నిజం తెలిసేది.

ఆ పరీక్ష అర్థం కావాలంటే ఇంజను పక్కనున్న గుండ్రటి మూత వెనక ఏముందో ఒకసారి చూడాలి. మన రోడ్ల మీద గేర్లున్న మోటారు సైకిళ్లలో దాదాపు అన్నింటికీ ఉండేది నూనెలో తడిసి పనిచేసే బహు ప్లేట్ల క్లచ్. దాంట్లో రెండు జాతుల ప్లేట్లు ఒకదాని తర్వాత ఒకటి పేర్చి ఉంటాయి. ఒక జాతివి గరుకు పూత ఉన్న క్లచ్ ప్లేట్లు. వీటి అంచున ఉన్న చెవులు బయటి హౌసింగ్ గాడుల్లో కూర్చుంటాయి, హౌసింగ్ ఇంజనుతో తిరుగుతుంది. రెండో జాతివి నున్నటి స్టీలు ప్లేట్లు. వీటి లోపలి పళ్లు సెంటరు హబ్బును పట్టుకుంటాయి, హబ్బు గేరుబాక్సుకు చెందింది. ఈ దొంతరను స్ప్రింగులు ప్రెజర్ ప్లేటు ద్వారా బిగించి నొక్కి ఉంచితే ఇంజను శక్తి చక్రానికి చేరుతుంది. లివరు పట్టుకున్నప్పుడు వైరు లాగడంతో లోపలి కడ్డీ ప్రెజర్ ప్లేటును కాస్త ఎత్తుతుంది. దొంతర వదులవుతుంది.

ఆ ‘కాస్త’ ఎంత?

చిన్న బళ్లలో ప్రెజర్ ప్లేటు ఎత్తేది రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఐదు క్లచ్ ప్లేట్లున్న బండి అనుకుంటే, ఒక్కో ప్లేటుకు రెండు ముఖాల చొప్పున పది ముఖాలు విడిపోవాలి. రెండు మిల్లీమీటర్లను పది వాటాలు వేస్తే ఒక్కో సందుకు దక్కేది 0.2 మిల్లీమీటర్లు. నోటుపుస్తకంలో రెండు కాగితాల మందం. ఇందులో ఒక పేచీ ఉంది. ముఖాలు పెరిగే కొద్దీ పట్టు అంతమేర పెరుగుతుంది, అందుకే గుప్పెడంత క్లచ్ అంత బరువును లాగగలుగుతోంది. కానీ అదే లెక్కలో విడిపోయే సందు తరిగిపోతుంది. పట్టును గుణించేదే ఎడాన్ని భాగించేస్తుంది. వైరు వదులై ప్రెజర్ ప్లేటు ఎత్తు రెండు నుంచి ఒకటింపావుకు పడిపోయిందనుకోండి, చేతికి తెలిసే తేడా చాలా తక్కువ. లోపల మాత్రం ఒక్కో సందు కాగితం మందానికి వచ్చేస్తుంది. పైగా ఆ వాటాలు సమానంగా పడాలని నియమమేమీ లేదు. కొన్ని ప్లేట్లు పూర్తిగా విడిపోయి, కొన్ని అతుక్కునే ఉండిపోతాయి.

ఆ సన్నటి సందులో ఉన్నది గాలి కాదు, నూనె. ఇక్కడే అసలు భౌతికశాస్త్రం. కడిగి తుడవకుండా పేర్చిన స్టీలు కంచాలను విడదీయబోతే మధ్యనున్న తడి పొర ఎంత మంకుగా పట్టుకుంటుందో ఇంట్లో అందరికీ తెలుసు. పొర ఎంత పలచనైతే అంత పట్టు. ఒక ప్లేటు తిరుగుతూ, పక్క ప్లేటు నిలబడి ఉన్నప్పుడు మధ్యనున్న నూనె పొర తిరిగేదాని వేగాన్ని నిలబడ్డదానికి అంటించాలని చూస్తుంది. ఈ లాగుడు నూనె చిక్కదనాన్ని బట్టి, వేగం తేడాను బట్టి పెరుగుతుంది. సందు పెరిగితే తగ్గుతుంది. ద్రవాల ఈ గుణానికి మూలసూత్రాన్ని న్యూటన్ 1687 నాటి ప్రిన్సిపియాలోనే ప్రతిపాదించాడు. అంటే సందు సగమైతే లాగుడు రెట్టింపు. నూనె పది రెట్లు చిక్కనైతే లాగుడు పది రెట్లు.

పది రెట్లన్నది ఊరికే వాడిన అంకె కాదు. మామూలు ఇంజను ఆయిల్ చిక్కదనం ఉదయం చల్లటి బండిలో 30 డిగ్రీల దగ్గర ఎంత ఉంటుందో, 100 డిగ్రీలకు వేడెక్కాక అందులో పదోవంతుకు పడిపోతుంది. 20డబ్ల్యూ-40 లాంటి చిక్కటి రకాల్లో ఇంకా తక్కువకు. బండి తెల్లవారుజామున ఒకలా, మధ్యాహ్నం ఇంకోలా ప్రవర్తించడానికి కారణం ఇదే. పొద్దున్నే మొదటిసారి ఫస్టు వేసినప్పుడు చిన్న చప్పుడు రావడం ఏ బండికైనా సహజం. దాన్ని చూసి క్లచ్ విప్పించక్కర్లేదు.

సన్నటి సందులో ద్రవం ఎలా నడుచుకుంటుందో కళ్లకు కట్టినవాడే తొలినాళ్ల బహు ప్లేట్ల క్లచ్ తయారుచేసినవాడు కావడం ఈ కథలో ముచ్చటైన సంగతి. హెన్రీ సెల్బీ హీల్-షా (1854–1941) ఇంగ్లండులో లివర్‌పూల్‌లో ఇంజనీరింగ్ ఆచార్యుడు. రెండు గాజు పలకలను అతి దగ్గరగా బిగించి, మధ్య సందులో రంగు కలిపిన ద్రవాన్ని పారించి, ఆ ధారలు అడ్డంకుల చుట్టూ ఎలా వంగుతాయో 1898లో చూపించాడు. ఆ అమరికను ద్రవశాస్త్రంలో ఇప్పటికీ హీల్-షా సెల్ అనే అంటారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే, నూనెలో మునిగి తిరిగే గాడి ప్లేట్ల క్లచ్ ఒకటి అతని పేరుతో మోటారు కార్లలోకి వచ్చింది.

ఇక బండి దగ్గరికి వద్దాం. పాత బండి చూడటానికి వెళ్లినవారు ముందుగా చేయి పెట్టి చూడాల్సింది ఇంజను మూత మీద. వెచ్చగా ఉంటే, వాళ్లు రాకముందే ఎవరో స్టార్టు చేసి ఉంచారన్నమాట. అమ్మేవారిని అనుమానించాలని కాదు, చాలామంది ‘చూడ్డానికి వస్తున్నారు కదా, ఒక్క కిక్కుకే అందుకోవాలి’ అని ముందే వేడి చేసి పెడతారు. కానీ విడవని క్లచ్ తన గుట్టులో సగం చల్లగా ఉన్నప్పుడే చెబుతుంది. వెచ్చటి ఇంజను చూసి వచ్చినవారు మర్నాడు పొద్దున్నే ఇంకోసారి వస్తామని చెప్పడం మంచిది.

మొదటి పరీక్షకు ఇంజనే అక్కర్లేదు. లివరు కొసను వేలితో కదిపితే, వైరు బిగుసుకోకముందు అది ఎంత ఊగుతోంది? చాలా చిన్న బళ్లకు కంపెనీలు చెప్పే లెక్క 10 నుంచి 20 మిల్లీమీటర్లు. అంతకన్నా బాగా ఎక్కువ ఊగుతుంటే ఆ ఊగిన మేరంతా ప్రెజర్ ప్లేటు ఎత్తులోంచి కోతే. తర్వాత ఇంజను ఆపే ఉంచి గేరు వేసి, లివరు పట్టుకుని బండిని ముందుకు తోయాలి. కొద్దిగా బరువనిపించినా దొర్లిపోవాలి. వెనక చక్రం బిగుసుకుని ఇంజనును కూడా తిప్పబోతున్నట్టు అనిపిస్తే, ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి, లేదా ప్రెజర్ ప్లేటు అసలు ఎత్తడమే లేదు.

రెండోది చల్లటి ఇంజనుతో, బండిని సెంటరు స్టాండు మీద నిలబెట్టి చేసేది. స్టార్టు చేసి, లివరు పట్టుకుని ఫస్టు వేస్తే వెనక చక్రం నెమ్మదిగా తిరుగుతుంది. చాలామంది ఇక్కడే కంగారుపడతారు. అది మామూలు సంగతే, నూనె పొర లాగుడుకు గాలిలో ఉన్న చక్రం తిరగకుండా ఎలా ఉంటుంది? అసలు విషయం తెలిసేది వెనక బ్రేకును మెల్లగా నొక్కినప్పుడు. ఆ కొద్ది ఒత్తిడికే చక్రం ఆగిపోయి, ఇంజను చప్పుడులో మార్పు లేకపోతే అది ఉత్త నూనె లాగుడు. బ్రేకు నొక్కుతుంటే ఇంజను గొంతు కుంగిపోతూ, ఆగిపోయే దాకా వస్తే ప్లేట్లు విడటం లేదు. చక్రం దగ్గరికి చేతులు, చున్నీ, చెప్పులు వేటినీ రానివ్వకూడదు. తిరిగే చక్రం ఆకుల్లో వేలు పడితే బేరం సంగతి తర్వాత.

మూడోది చెవితో చేసే పరీక్ష. న్యూట్రల్‌లో ఇంజను తిరుగుతుండగా లివరు పట్టుకుని ఐదు అంకెలు లెక్కపెట్టి, అప్పుడు ఫస్టు వేయాలి. న్యూట్రల్‌లో లివరు వదిలి ఉన్నంతసేపూ గేరుబాక్సు లోపలి షాఫ్టు ఇంజనుతో పాటు తిరుగుతూనే ఉంటుంది. లివరు పట్టుకుంటే దానికి ఇంజనుతో బంధం తెగి, కొన్ని క్షణాల్లో నెమ్మదించాలి. నెమ్మదించిందంటే గేరు ‘టిక్’ మని కూర్చుంటుంది. పది లెక్కపెట్టినా ‘ఠంగ్’ మనో, ‘గర్ర్’ మనో అంటే షాఫ్టును ఇంకా ఎవరో తిప్పుతున్నారు. ఎవరో కాదు, విడవని ప్లేట్లే.

న్యూట్రల్ పడకపోవడానికి కారణమూ దీని వెనకే ఉంది. మోటారు సైకిలు గేర్లు ఒకదానిలో ఒకటి దిగి పట్టుకునేది పక్కనున్న మొండి పళ్లతో. వీటిని డాగులు అంటారు. క్లచ్ కొంచెం లాగుతున్నా సరే, డాగు డాగును అదిమి నొక్కి ఉంచుతుంది. అలా నొక్కుకుని ఉన్న రెంటినీ పక్కకు జరిపి విడదీయడం కాలి బొటనవేలి వల్ల కాదు. బలంగా ఎత్తితే ఒక్కసారిగా జారి న్యూట్రల్‌ను దాటేసి సెకండ్‌లో పడుతుంది. ఇంజను ఆపితే ఆ అదుముడు పోతుంది, గేరు హాయిగా జారుతుంది. ఇంజను ఆపినా గేర్లు అంతే బిగుతుగా ఉంటే మాత్రం అనుమానం క్లచ్ మీది నుంచి గేరు లివరు లంకె, లోపలి గేరు డ్రమ్ము వైపు తిప్పాలి.

ఈ పరీక్షలన్నిటికీ ముందు ఒకటి చూసుకోవాలి, ఐడ్లింగ్. చిన్న బళ్లు సాధారణంగా నిమిషానికి 1400 చుట్ల దగ్గర ఊరికే తిరుగుతుండాలి. దాన్ని 2000 దాకా పెంచి పెడితే, నిక్షేపంలాంటి క్లచ్ కూడా ఫస్టు వేయగానే ఠక్కుమంటుంది, బండి ముందుకు తోస్తుంది. కొన్నిసార్లు కథ తిరగేసి జరుగుతుంది. విడవని క్లచ్ వల్ల సిగ్నళ్ల దగ్గర బండి ఆగిపోతుంటే, కారణం వెతకకుండా ఐడ్లింగ్ పెంచేస్తారు. బండి ఆగడం మానేస్తుంది, గేరుబాక్సు మీద దెబ్బలు మాత్రం పెరుగుతాయి. చల్లటి ఇంజను మామూలు కన్నా గట్టిగా అరుస్తుంటే ఐడ్లింగును సరైన చోటికి దించి, అప్పుడే పరీక్షలు మొదలుపెట్టాలి.

ఆఖరుది రోడ్డు మీద. పావుగంట, ఇరవై నిమిషాలు ట్రాఫిక్కులో నడిపి, బాగా వేడెక్కాక మళ్లీ న్యూట్రల్ వెతకాలి. ఈ చల్లటి, వేడి పరీక్షలను పక్కపక్కన పెట్టి చూస్తేనే జబ్బు ఏ అవయవానిదో తెలుస్తుంది. ఇది చాలామంది మెకానిక్కులు కూడా తొందరలో వదిలేసే మెట్టు. చల్లగా ఉన్నప్పుడు పట్టేసి, వేడెక్కాక సుఖంగా ఉంటే కారణం నూనెలోనో, ఎక్కువ రోజులు కదలక అతుక్కున్న ప్లేట్లలోనో ఉంటుంది. చల్లగా బాగానే ఉండి, వేడెక్కే కొద్దీ న్యూట్రల్ మాయమైపోతుంటే వంగిపోయిన స్టీలు ప్లేట్లను అనుమానించాలి. చల్లగానూ వేడిగానూ ఒకేలా ఉంటే వైరు, లివరు, ఎత్తే కడ్డీ, హౌసింగ్ గాడులు. విప్పకముందే ఇంత తెలుస్తుంది.

బయటి కారణాలు చవకవి, ఎక్కువసార్లు దొరికేవి కూడా అవే. క్లచ్ వైరు లోపలి పోగులు లివరు దగ్గరి గుండు పక్కన ఒక్కొక్కటే తెగుతూ ఉంటాయి. మిగిలిన పోగులు సాగుతూ, మెల్లగా లూజు పెరుగుతుంది. వైరు తొడుగు ఎక్కడో హెడ్‌లైటు వెనక నలిగి ఉంటే హ్యాండిలు ఒక పక్కకు తిప్పినప్పుడు క్లచ్ ఒకలా, ఇంకో పక్కకు తిప్పినప్పుడు ఇంకోలా ఉంటుంది. అందుకే లివరు పట్టుకుని, హ్యాండిలును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడాలి. పడి లేచిన బండికి లివరు వంగి, గ్రిప్పుకు ముందే తగిలేస్తుంది. హ్యాండిలు గ్రిప్పుల మీద మెత్తగా ఉంటుందని దళసరి స్పాంజి తొడుగులు వేయిస్తారు చూడండి, అవి కూడా లివరు చివరి ప్రయాణాన్ని మింగేస్తాయి. సరిగ్గా ప్లేట్లు విడిపోవాల్సిన చోట లివరు స్పాంజికి ఆనుకుని ఆగిపోతుంది. తొడుగు పీకేస్తే నయమయ్యే క్లచ్‌ను విప్పించి ప్లేట్లు మార్పించుకోవడం ఎంత అన్యాయం!

వైరు బిగించే అడ్జస్టరు మరలు చూస్తే బండి గతం కొంత తెలుస్తుంది. మరలన్నీ బయటికి తిప్పేసి, ఇక తిప్పడానికి చోటు లేకుండా ఉంటే వైరు సాగిపోయింది, లేదా ఎత్తే యంత్రాంగం అరిగింది. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. క్లచ్ ప్లేట్లు అరిగితే లివరులో లూజు పెరుగుతుందనుకుంటారు. కడ్డీతో ఎత్తే చాలా క్లచ్‌లలో జరిగేది దీనికి తలకిందులు. దొంతర పలచబడి ప్రెజర్ ప్లేటు లోపలికి జరుగుతుంది, లూజు తగ్గిపోతుంది. లూజు పూర్తిగా పోతే స్లిప్పు మొదలవుతుంది. అప్పుడు వైరును వదులు చేస్తే స్లిప్పు కొంతకాలం తగ్గుతుంది. కాబట్టి ఒక పాత బండిలో అరిగిన ప్లేట్లు, అతిగా వదులు చేసిన వైరు రెండూ ఒకేసారి ఉండొచ్చు. న్యూట్రల్ పడదు, ఎత్తు ఎక్కదు. వైరు సరైన కొలతకు బిగించాక స్లిప్పు బయటపడితే ప్లేట్ల సెట్టు ఖర్చు బేరంలోకి తీసుకురావడం కొనేవారి హక్కు.

నూనె సంగతి. చూసే గాజు బిళ్లలోనో, ముంచి తీసే పుల్లతోనో మట్టం చూడాలి, ఎక్కువ పోసినా లాగుడు పెరుగుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ, ఎంఏ2 అనే గుర్తులు ఉంటాయి. తడి క్లచ్ ఉన్న బళ్లకు నూనె ఎలా ఉండాలో చెప్పడానికి జపాన్ వాహన ప్రమాణాల సంస్థ 1998లో పెట్టిన కొలమానం అది. కారు కోసం చేసిన, ఇంధనం ఆదా చేసే జారుడు నూనె పోస్తే క్లచ్ జారుతుంది. కంపెనీ చెప్పినదాని కన్నా చిక్కటిది పోస్తే పొద్దున పూట పట్టేస్తుంది. లీటరు నూనె ఖర్చుతో తేలే అనుమానం ఇది. వైరు సర్దాక ఇంకా సందేహం మిగిలితే, ప్లేట్ల జోలికి పోకముందు నూనె మార్చి చూడటమే తెలివైన పని.

తెలుగు పల్లెల్లో ఇంకో రకం బండి దొరుకుతుంది. జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఇంట్లో వదిలి వెళ్లిన బళ్లు. రెండేళ్లకు సెలవు మీద వచ్చినప్పుడు కొన్ని అమ్మకానికి వస్తాయి. తిరిగింది తక్కువ, రంగు కొత్తది, ధర నచ్చుతుంది. కానీ కదలని బండిలో స్ప్రింగులు ఆ దొంతరను నెలల తరబడి నొక్కే ఉంచుతాయి. ప్లేట్ల మధ్యనున్న నూనె బయటికి పిండుకుపోతుంది. క్లచ్ కింది భాగం మాత్రమే నూనెలో మునిగి ఉంటుంది కాబట్టి పైభాగం ఆరిపోతుంది. తేమ దొరికితే ఆరిన స్టీలు ముఖాలకు తుప్పు పట్టి గరుకు పూతకు అంటుకుంటాయి. ఇలాంటి బండిని తిరస్కరించాల్సిన పని లేదు. ఇంజను బాగా వేడెక్కనిచ్చి ఆపేసి, టాప్ గేరులో పెట్టి, లివరు పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపితే చాలాసార్లు ప్లేట్లు చిన్న చప్పుడుతో విడిపోతాయి. తర్వాత నాలుగైదు రోజులు నడిపి నూనె మారిస్తే మళ్లీ మామూలవుతుంది. మర్నాడు పొద్దున మళ్లీ అతుక్కుంటే తుప్పు లోతుకు దిగిందని అర్థం.

ఈ అతుకుడు విషయంలో పాత బుల్లెట్ యజమానులది ప్రత్యేక అనుభవం. 1955లో మద్రాసు మోటార్స్, ఇంగ్లండులో రెడ్డిచ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను ఏర్పరచిన నాటి నుంచి దశాబ్దాల పాటు నడిచిన పోత ఇనుము ఇంజను బుల్లెట్‌లో క్లచ్ ఇంజను నూనెలో ఉండదు. ఎడమ పక్క ప్రైమరీ చైను కేసులో, తన సొంత నూనెలో ఉంటుంది. దాన్ని ఎత్తే కడ్డీ కుడి పక్క నుంచి గేరుబాక్సు బోలు షాఫ్టు గుండా ఎడమకు వెళ్తుంది. కిక్కు కూడా గేరుబాక్సు మీదే ఉంటుంది, అది ఇంజనును తిప్పేది క్లచ్ ద్వారానే. దీంతో యజమానికి ఒక పరీక్షా పరికరం ఉచితంగా దొరికింది. లివరు పట్టుకుని కిక్కు నొక్కితే అది బరువు లేకుండా దిగిపోవాలి, ఇంజను కదలకూడదు. ఇంజను కంప్రెషన్ కాలికి తగిలిందంటే ప్లేట్లు అతుక్కునే ఉన్నాయి. అలవాటున్నవాళ్లు రోజూ స్టార్టు చేయకముందు లివరు పట్టుకుని రెండు మూడు సార్లు కిక్కు తొక్కేది ఇందుకే. రాత్రంతా ఒకదానికొకటి అంటుకున్న ప్లేట్లు ఆ తొక్కుడుకు విడిపోతాయి. తర్వాత స్టార్టు చేసి ఫస్టు వేస్తే బండి ఉలిక్కిపడదు. చూసేవాళ్లకు ఇది మొక్కుబడిలా కనిపిస్తుంది కానీ పాత బుల్లెట్ కొనేవారికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. తొక్కేది చల్లటి బండి మీద, మొదటిసారే తొక్కాలి. ఒకసారి విడిపోయాక రెండో తొక్కుడు ఏమీ చెప్పదు. చైను కేసులో ఇంజను కోసం వాడే చిక్కటి నూనె పోసి ఉంటే, దాన్ని మార్చి పలచటిది పోయడంతోనే సగం బాధ తీరిన బళ్లు ఉంటాయి.

ఇంత చేసినా తీరకపోతే మూత విప్పక తప్పదు. విప్పాక చూడాల్సింది మొదట హౌసింగ్ గాడుల గోడలు. క్లచ్ ప్లేట్ల చెవులు ఇంజను ప్రతి కుదుపుకూ ఆ గోడలను సుత్తిలా కొట్టి, ఏళ్ల తరబడి గుంటలు చేస్తాయి. లివరు పట్టుకున్నప్పుడు ప్లేటు పక్కకు జరగాలి కదా, దాని చెవి ఆ గుంటలో ఇరుక్కుని జరగనంటుంది. గోరు తగిలేంత చిన్న గుంటలను సన్న ఆకురాయితో నునుపు చేస్తారు. లోతుగా తినేసి ఉంటే హౌసింగే మార్చాలి, అది వందల్లో తేలే ఖర్చు కాదు. స్ప్రింగుల్లో ఒకటి మెత్తబడినా, వేరే సైజుది వేసినా ప్రెజర్ ప్లేటు సమంగా లేవకుండా ఒరిగి లేస్తుంది. ఒక పక్క విడిపోతుంది, ఇంకో పక్క రాసుకుంటూనే ఉంటుంది. మూత లేకుండా లివరు పట్టించి పక్క నుంచి చూస్తే ఆ ఒరుగుడు కంటికే కనిపిస్తుంది.

స్టీలు ప్లేట్లు వంగేది వేడికి. ట్రాఫిక్కులో గంటల కొద్దీ హాఫ్ క్లచ్‌లో నడిపిన బండిలో ప్లేటు ముఖం మీద నీలం మచ్చలు కనిపిస్తాయి. వంపు కంటికి కనిపించదు, కొలవాలి. దానికి కావాల్సింది మందపాటి గాజు పలక, వేర్వేరు మందాల లోహపు ఆకులుండే ఫీలర్ గేజ్. ప్లేటును తుడిచి గాజు మీద పరిచి, సన్నటి ఆకుతో మొదలుపెట్టి అంచు చుట్టూ దూర్చి చూస్తారు. ఎంత వంపు దాకా ఒప్పుకోవచ్చో కంపెనీ సర్వీసు పుస్తకంలో ఉంటుంది. చాలా బళ్లకు అది 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల మధ్య. ఒక్కో సందుకు దక్కేదే 0.2 అయినప్పుడు, అంత వంపు ఉన్న ప్లేటు ఒక్కటి చాలు, పక్క సందులో చాలా భాగం మింగేయడానికి. ప్లేట్లు మళ్లీ పేర్చేటప్పుడు అచ్చులో కోసిన పదును అంచులన్నీ ఒకే వైపు ఉండేలా చూడాలి. కొత్త క్లచ్ ప్లేట్లను ముందు కొంతసేపు నూనెలో నానబెట్టి వేయాలి. పొడిగా బిగిస్తే మొదటి రోజే అంటుకుంటాయి, కొత్త సెట్టు వేసినా జబ్బు పోలేదని మళ్లీ విప్పాల్సి వస్తుంది.

కొనేవారికి ఇంకో లెక్క మిగిలి ఉంది. ఈ జబ్బుతో ఆ బండి ఎంత కాలం నడిచింది? విడవని క్లచ్‌తో వేసిన ప్రతి గేరూ డాగు అంచులను కొద్దికొద్దిగా గుండ్రం చేస్తుంది. అంచులు గుండ్రమైన డాగులు బరువు పడినప్పుడు జారి బయటికొస్తాయి. దీన్ని పట్టుకోవడానికి ఖాళీ రోడ్డు కావాలి. సెకండ్ గేరులో కాస్త గట్టిగా యాక్సిలరేటరు ఇచ్చి, ఒక్కసారిగా వదిలేసి, మళ్లీ ఇవ్వాలి. నాలుగైదు సార్లు ఇలా చేసినా గేరు తన చోట నిలబడితే క్లచ్ ఖర్చు తగ్గించుకుని బండి తీసుకోవచ్చు. మధ్యలో ఎక్కడైనా గేరు దానంతటది ఊడి ఇంజను ఖాళీగా అరిచిందంటే, ఆ బండికి కావాల్సింది వైరో ప్లేట్లో కాదు. ఇంజను కేసు రెండుగా విప్పి గేర్లు మార్చడం. ఆ ఖర్చు ముందు, అడిగిన ధర మళ్లీ మొదటి నుంచి మాట్లాడుకోవాలి.